గడప ముద్ద

అనగా అనగా, మబ్బులు వచ్చినా వానలు రాని ఒక దేశానికి ఒక రాజు ఉండేవాడు. ఆ దేశం పేరు ఎర్రమిట్ట. ఆ రాజు పేరు నందికేతు.

రాజు మంచివాడే. కాని పిల్లలూ, బావి ఎండిపోయాక రాజు మంచితనాన్ని కుండలో పోసుకుని తాగలేం కదా!

బావులు ఎందుకు ఎండాయో చెబుతాను, వినండి. ఆ దేశానికి ఉత్తరాన ఒక నల్లగుట్ట ఉంది. రాజు తాతగారి కాలంలో ఎక్కడినుంచో ఒక మాంత్రికుడు వచ్చి ఆ గుట్ట మీద కూర్చున్నాడు. గొర్రెల్ని దొడ్లోకి తోలినట్టు మబ్బుల్ని గుట్ట వెనక్కి తోలుకున్నాడు. ఆ మీదట జనాన్ని పిలిచి చెప్పాడు.

"ఇవాళ్టి నుంచి నేను మీ గుట్టదొరని. ప్రతి ఇంట్లోనూ అన్నం వండగానే తొలి ముద్ద నాది. గడప బయట పెట్టండి. నా చిలక వచ్చి తింటుంది. చిలక తింటే నేను తిన్నట్టే. నేను తింటే మీకు వాన."

చిలక ఒక్కటే. కాని ఏ గడప ముందు చూసినా అదే చిలక కనబడేది. అది మాయ. మాంత్రికుడి ప్రాణం ఆ చిలకలోనే ఉంది. ఆ సంగతి మాత్రం వాడు ఎవరికీ చెప్పలేదు.

తాతలు భయంతో ముద్ద పెట్టారు. తండ్రులు అలవాటుగా పెట్టారు. మనవలు భక్తితో పెట్టారు. మనవల కాలానికి వచ్చేసరికి అది దొర అడిగిన ముద్ద అన్న మాటే ఎవరికీ గుర్తులేదు. "గడప ముద్ద పెట్టని ఇల్లు ఇల్లేనా?" అని తల్లులు కూతుళ్ళకి నేర్పారు. చిలక రాగానే "మా ఇంటి చిలక వచ్చింది, ఇల్లు చల్లగా ఉంటుంది" అని మురిసిపోయారు.

దొర అంటే మాత్రం అందరికీ భయమే. వాడి పాదం గుర్తు చెక్కిన రాయి ప్రతి వీధిలోనూ ఉండేది. వాడి తాయెత్తు ప్రతి మెడలోనూ ఉండేది. దొరని తిట్టుకుంటూనే తాయెత్తు కట్టుకునేవారు. వాడేమో ఏటికేడు వాన తగ్గించుకుంటూ వచ్చాడు. ముందు చెరకు పోయింది. తరువాత వరి పోయింది. ఆఖరికి జొన్న కూడా పోయింది. పశువులు రాళ్ళని నాకడం మొదలుపెట్టాయి.

అప్పుడు రాజు తన ముగ్గురు కొడుకుల్నీ పిలిచాడు. పెద్దవాడు శూరకేతు, నడిమివాడు ధీరకేతు, చిన్నవాడు నీలకేతు.

"నాయనలారా, ఈ నేలలో మన తాతల ఎముకలు ఉన్నాయి. కాని ఎముకలు మనకి అన్నం పెట్టవు. మన జనం బతకడానికి ఒక చోటు వెతకండి. ముగ్గురూ మూడు దిక్కులకి వెళ్ళండి" అన్నాడు.

ఆ మాట గాలిలో గుట్ట మీదికి వెళ్ళింది. గుట్టదొర అడ్డం చెప్పలేదు. పకపక నవ్వాడు.

"పోండి పోండి. ఎక్కడికి పోయినా మీరు నా వాళ్ళే" అన్నాడు.

ఆ నవ్వు ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

పెద్దవాడు తూర్పుకి వెళ్ళాడు. అక్కడ ఒక దేశంలో మేడలన్నీ బంగారు రేకులతో మెరుస్తున్నాయి. "మీరు రండి, తిండి పెడతాం" అన్నారు అక్కడివాళ్ళు. ఒక్కటే షరతు. బయటినుంచి వచ్చినవాళ్ళు దీపం చేత్తో పట్టుకుని వాళ్ళ వాకిళ్ళ దగ్గర నిలబడాలి. కూర్చోకూడదు. శూరకేతు రాజకుమారుడు కాబట్టి కొంచెం పెద్ద దీపం ఇచ్చారు. దానికే వాడు పొంగిపోయి, "రండి, ఇక్కడ నిలబడడానికి చోటుంది" అని ఇంటికి కబురు పంపాడు. కూర్చోడానికి ఉందా అంటే జవాబు లేదు.

నడిమివాడు దక్షిణానికి వెళ్ళాడు. అక్కడ చెట్టుకి తేనెలాంటి పండ్లు. ఒకటి తింటే ఆకలి పోతుంది. రెండు తింటే అలసట పోతుంది. మూడు తింటే అమ్మ పేరు పోతుంది. ధీరకేతు మూడూ తిన్నాడు. వాడి దగ్గర్నుంచి కబురే రాలేదు.

చిన్నవాడు పడమటికి వెళ్ళాడు. పడమట సముద్రం. సముద్రం వెనక సముద్రం. అలా ఏడు సముద్రాలు. తల్లి కట్టిచ్చిన పేలపిండి మూట తప్ప వాడి దగ్గర ఏమీ లేదు. ఒడ్డున కూర్చుని పిండిని నీళ్ళతో తడిపి ముద్ద చేశాడు. అక్కడ ఇల్లూ లేదు, గడపా లేదు. అయినా చేతికి అలవాటు. ఒక చదునైన రాయి చూసి, అదే గడప అనుకుని, దాని మీద తొలి ముద్ద పెట్టాడు.

వెంటనే రివ్వున చిలక వచ్చి వాలింది. దాని వెనకాలే నీళ్ళలోంచి ఒక తాబేలు తల పైకెత్తింది.

"రాకుమారా, ఆ చిలక చూస్తే బూరెలా ఉంది. నేను చూస్తే బొమికలా ఉన్నాను. ముద్ద ఎవరికి పెట్టాలంటావు?"

నీలకేతు తల గోక్కున్నాడు. "గడప ముద్ద ఇంకొకరికి పెడితే తప్పేమో!"

"తప్పో ఒప్పో తిన్నాక మాట్లాడుకుందాం" అంది తాబేలు.

నీలకేతుకి నవ్వొచ్చింది. ముద్ద తాబేలుకి పెట్టాడు. చిలక వాడివైపు కోపంగా చూసింది. దాని తోకలోంచి ఒక పచ్చటి ఈక రాలింది. చిలక ఎగిరిపోయింది. వాడు ఈకని తలపాగాలో దోపుకున్నాడు. తాబేలు వాడిని వీపు మీద ఎక్కించుకుని సముద్రంలోకి దిగింది.

మూడు సముద్రాలు దాటాక ఒక రాతి దిబ్బ వచ్చింది. అక్కడ రెక్కలు వాలిపోయిన ఒక కొంగ ఒంటికాలి మీద నిలబడి ఉంది. నీలకేతు మళ్ళీ ముద్ద చేశాడు. చిలక మళ్ళీ వచ్చింది.

"అది ఊరికే తింటుంది, నేను ఎగిరి ఎగిరి పస్తుంటాను. ఇదెక్కడి న్యాయం?" అని కొంగ గొణిగింది.

నీలకేతు ముద్ద కొంగకి పెట్టాడు. చిలకకి రెండో ఈక రాలింది. కొంగ వాళ్ళకి దారి చూపిస్తూ ముందు ఎగిరింది.

ఏడో సముద్రం అవతల ఒక పెద్ద నది కలిసే చోట లంకలు కనబడ్డాయి. అన్నీ పచ్చటి తుంగ. నీలకేతు ఒడ్డెక్కి మూడోసారి పిండి తడిపాడు. సముద్రపు పోటుకి పుట్ట కొట్టుకుపోయిన చీమలు బారులు తీరి వచ్చాయి.

"మాది చిన్న పొట్ట, చిటికెడు చాలు" అన్నాయి.

"చిటికెడు ఎందుకు, ముద్దంతా తినండి" అన్నాడు నీలకేతు.

చిలకకి మూడో ఈక రాలింది. రెండోదానిలాగే వాడు దాన్నీ తలపాగాలో దోపుకున్నాడు. మూడు ఈకలూ చూసి కొంగ అంది: "నీ చేతి ముద్ద దొరకనప్పుడల్లా ఆ చిలకకి ఈక రాలుతోంది. ఇది మామూలు పక్షి కాదు. ఆలోచించుకో."

నీలకేతు ఆలోచించలేదు. వాడి కళ్ళు ఎదురుగా ఉన్న పిల్ల మీద ఉన్నాయి.

ఆ పిల్ల మోకాలి లోతు నీళ్ళలో తుంగ కోసి పెద్ద మోపు కట్టింది. ఎత్తేవాళ్ళు లేక అటూ ఇటూ చూస్తోంది.

"ఈ దేశాన్ని ఏలేదెవరు? నేను వాళ్ళతో మాట్లాడాలి" అన్నాడు నీలకేతు.

"మోపు ఎత్తు, చెబుతాను" అంది ఆ పిల్ల.

వాడు మోపెత్తి ఆమె తల మీద పెట్టాడు. "ఇప్పుడు చెప్పు."

"నువ్వు మోపెత్తింది ఆమెకే" అంది.

ఆమె తుంగవల్లి, ఆ లంకలకి రాణి. ఆమె జనం తుంగచాపలు అల్లుతారు, చేపలు పడతారు, మెట్ట గట్ల మీద వరి పండిస్తారు. రాణి కూడా తన చాప తనే అల్లుకుంటుంది.

నీలకేతు తన దేశం గోడు అంతా చెప్పాడు. తుంగవల్లి మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"పడమటి లంక ఖాళీగా ఉంది. ఎందుకు ఖాళీగా ఉందో తెలుసా? అది చౌడు. తాగడానికి తియ్యనీళ్ళు లేవు. మీరు రావాలంటే మూడు పనులు చెయ్యాలి. ఒకటి, ఆ లంకలో తియ్యనీళ్ళు చూపించాలి. రెండు, మీ జనాన్ని అందరినీ తేవాలి. ముసలివాళ్ళనీ కుంటివాళ్ళనీ వదిలేసి వచ్చేవాళ్ళతో మాకు పొరుగు వద్దు."

"మూడోది?"

"మీ దొరని వెంట తీసుకురాకూడదు."

నీలకేతు పెద్దగా నవ్వాడు. "వాడి పీడ వదిలించుకోవడానికే కదా రాణీ ఇంత దూరం వచ్చింది! అది పనేనా?"

"నీకంటే ముందు చాలామంది వచ్చారు. అందరూ అదే మాట అన్నారు" అంది తుంగవల్లి. ఆమె నవ్వలేదు.

మొదటి పని చీమలు చేసిపెట్టాయి. "మేం పుట్ట కట్టేది నేల కింద తేమ చూసుకునే" అని చెప్పి, చౌటి నేలలో ఒక చోట గుండ్రంగా నిలబడ్డాయి. నీలకేతు అక్కడ తవ్వాడు. మొదట ఉప్పునీళ్ళు వచ్చాయి. ఇంకా తవ్వితే చప్పనీళ్ళు వచ్చాయి. చేతులు బొబ్బలెక్కేదాకా తవ్వితే తియ్యనీళ్ళు వచ్చాయి.

రెండో పని తాబేలు చేసిపెట్టింది. దాని చుట్టాలూ పక్కాలూ ఎంతమందో లెక్కలేదు. సముద్రమంతా తాబేళ్ళ వీపులే. నీలకేతు వాటితో ఇంటికి తిరిగి వెళ్ళాడు. ఎర్రమిట్ట జనం తట్టాబుట్టా సర్దుకున్నారు. బయలుదేరేముందు నీలకేతు ఒడ్డున నిలబడి గట్టిగా చెప్పాడు.

"దొరది ఏదీ మనతో రాకూడదు. బాగా చూసుకోండి!"

అందరూ మెడల్లోంచి తాయెత్తులు తెంపి ఇసకలో పారేశారు. దొర పాదం చెక్కిన రాళ్ళని పగలగొట్టారు. దొర పేరు పెట్టుకున్నవాళ్ళు పేర్లు కూడా మార్చుకున్నారు. ముసలివాళ్ళని బుజాల మీద ఎక్కించుకున్నారు. మహారాణి సుమేధాదేవి మూలనున్న వృద్ధ దాసిని తన చేత్తో నడిపించుకుని వచ్చింది. ఒక్కరు కూడా మిగల్లేదు.

ఏడు సముద్రాలూ దాటి పడమటి లంకలో దిగారు. తియ్యనీళ్ళు తాగారు. తుంగవల్లి జనం పడవల నిండా బియ్యం తెచ్చి ఇచ్చారు, తుంగతో గుడిసెలు వెయ్యడం నేర్పారు. ఎన్నాళ్ళకో పొయ్యిలు వెలిగాయి. అన్నం వాసన లంకంతా కమ్ముకుంది. పెద్దవాళ్ళు ఏడ్చారు. పిల్లలు గరిటెలు పట్టుకుని గెంతారు.

అన్నం వార్చగానే ప్రతి గుడిసెలోంచీ ఒక ఆడమనిషి బయటికి వచ్చింది. చేతిలో తొలి ముద్ద. వంగి, గడప బయట పెట్టింది.

చూశారా! తాయెత్తు తెంపారు, రాయి పగలగొట్టారు, పేరు మార్చుకున్నారు. ఈ ముద్ద దొరదని ఒక్కళ్ళకీ తోచలేదు. అది తమదే అనుకున్నారు.

రివ్వున చిలక వచ్చింది. ప్రతి గడప ముందూ అదే చిలక. తింటున్న కొద్దీ దాని ఈకలు మళ్ళీ పచ్చగా మొలిచాయి. లంక మీద గాలి ఆగిపోయింది. సముద్రం వైపు నుంచి నవ్వు వినబడింది. ఎర్రమిట్ట జనానికి ఆ నవ్వు తెలుసు.

"ఎక్కడికి పోయినా నా వాళ్ళే అని ముందే చెప్పాను కదా!" అంటూ గుట్టదొర నీళ్ళ మీద నడుచుకుంటూ వచ్చి, లంక ఒడ్డున ఇసక దిబ్బ మీద కూర్చున్నాడు. ఆ లంకల మీద మబ్బులన్నీ వాడి వెనక్కి చేరాయి. కొత్త బావిలో నీరు అడుక్కి దిగింది. తుంగవల్లి జనం పొలాల మీద కూడా నీడ పోయి గాడ్పు మొదలైంది.

తుంగవల్లి పడవ మీద వచ్చింది. కోపం మొహంలో లేదు, మాటలోనూ లేదు.

"నీలకేతూ, మూడో పని నువ్వు చెయ్యలేదు. రేపు పొయ్యి వెలిగించి అన్నం తినే వేళకి మీ దొర ఇక్కడ ఉండకూడదు. ఉంటే మీరూ ఉండకూడదు. నా జనానికి నేను జవాబు చెప్పుకోవాలి."

నీలకేతు తలపాగా విప్పి మూడు ఈకలూ చేతిలో పెట్టుకుని చూశాడు. తాబేలు తిన్నప్పుడు ఒకటి. కొంగ తిన్నప్పుడు ఒకటి. చీమలు తిన్నప్పుడు ఒకటి. ఇవాళ చిలక కడుపు నిండగానే ఈకలు మొలిచాయి, వెంటనే దొర వచ్చాడు. కొంగ చెప్పిన మాట అప్పటికి వాడి బుర్రకెక్కింది.

తెల్లవారగానే జనాన్ని కూడగట్టి చెప్పాడు: "గడప ముద్ద ఆపండి. వాడి ప్రాణం ఆ చిలక. ఆ చిలక ప్రాణం మన చేతి ముద్ద."

గొడవ లేచింది.

"గడప ముద్ద మానేస్తే ఇల్లు నిలుస్తుందా? మా తాత పెట్టాడయ్యా!" అన్నాడు ఒక ముసలాయన.

"మీ తాత ఎందుకు పెట్టాడు తాతా?"

"మంచిదని పెట్టాడు."

"ఎవరికి మంచిది?"

ముసలాయన రాత్రంతా ఒడ్డున కూర్చున్న దొరని ఒకసారి చూశాడు. పొయ్యి వైపు నడిచాడు.

అన్నాలు ఉడికాయి. అందరి చూపూ మహారాణి గుడిసె మీదే ఉంది. ఆమె ఏం చేస్తే ఊరంతా అదే చేస్తుంది. సుమేధాదేవి అన్నం వార్చింది. తొలి ముద్ద చేతిలోకి తీసుకుంది. కాళ్ళు వాటంతట అవే గడప దగ్గరికి నడిచాయి. చిలక వచ్చి కూర్చుని నోరు తెరిచింది.

"వద్దమ్మా!" అన్నాడు నీలకేతు.

"నా చెయ్యి ఆగడం లేదు నాయనా" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కాపురానికి వచ్చిన రోజు నుంచి పెడుతున్నాను. మీ ముగ్గురూ పుట్టిన రోజున కూడా మంచం మీంచి లేచి పెట్టాను. ఇప్పుడు పెట్టకపోతే ఈ ముద్దని నేనేం చేసుకోను?"

గడప అవతల, చిలక పక్కనే, తుంగవల్లి నేల మీద చతికిలబడి కూర్చుంది. రాత్రి నుంచి ఆమె కూడా ఏమీ తినలేదు. దోసిలి పట్టింది.

"నాకు ఆకలేస్తోందమ్మా" అంది.

సుమేధాదేవి చెయ్యి గడప దాటింది. ఒక్క క్షణం చిలక మీద ఆగింది. ముద్ద తుంగవల్లి దోసిట్లో పడింది.

అది చూసి పక్కింటావిడ తన ముద్ద ఎదురింటి బిడ్డ నోట్లో పెట్టింది. ఎదురింటావిడ తన ముద్ద లంకవాళ్ళ పడవమనిషికి పెట్టింది. ముసలాయన తన ముద్ద ముసలామెకి పెట్టాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారట! లంకలో ఒక్క గడప ముందు కూడా మెతుకు పడలేదు. చిలకల్లోంచి చిలకలు మాయమై, ఆఖరికి ఒకటే మిగిలింది. దాని ఈకలు జలజలా రాలాయి.

గుట్టదొర ఒడ్డు మీంచి అరుస్తూ వచ్చాడు. "నా ముద్ద ఏదిరా?"

"నీ ముద్ద అంటూ ఏమీ లేదు. అది మా ముద్ద" అన్నాడు నీలకేతు. "నీకు ఆకలేస్తోందా? ఈ చాప మీద బంతిలో కూర్చో. అందరితో పాటు విస్తరి వేస్తాం. చుట్టానికి పెట్టినట్టే పెడతాం."

"నేనా! కింద కూర్చోడమా?"

"మా నాన్న రాజు. ఆయనా కిందే కూర్చున్నాడు. అదిగో చూడు."

నందికేతు రాజు విస్తరి ముందు నుంచి చెయ్యి ఊపాడు. "రావయ్యా, చారు చల్లారిపోతోంది!"

దొర చాప వంక చూశాడు. వాడు రాళ్ళ మీదా దిబ్బల మీదా ఎత్తున కూర్చున్నవాడే గాని, మూడు తరాలుగా ఎవరి పక్కనా నేల మీద కూర్చోలేదు. కూర్చుందామనే చూశాడు. మోకాళ్ళు వంగలేదు. శపిద్దామని పిడికిలి ఎత్తాడు. పిడికిలి పొడిపొడిగా రాలిపోయింది. చెయ్యి రాలింది, బుజం రాలింది, తల రాలింది. వాడు నిలబడ్డ చోట ఎండిపోయిన మెతుకుల కుప్ప మిగిలింది. మూడు తరాల తొలి ముద్దలు! వాడి లోపల అంతకుమించి ఏమీ లేదు. చీమలు బారులు తీరి వచ్చి సాయంత్రానికల్లా ఆ కుప్పని మోసుకుపోయాయి.

బోడి చిలక వణుకుతూ బంతి చివర కూర్చుంది. ఎవరో దానికి ఒక పండు ముక్క వేశారు. ఈసారి అది మామూలు చిలకలాగే కీచుమంటూ తిన్నది.

వాన మొదలైంది. లంకల మీద కురిసింది. ఏడు సముద్రాల మీద కురిసింది. ఆవల ఎర్రమిట్ట మీద కూడా కురిసింది.

మహారాణి రెండు ముద్దలు మూటకట్టి కొంగకి ఇచ్చి పంపింది. తల్లి చేతి అన్నం నోట్లో పడగానే ధీరకేతుకి అమ్మ పేరు గుర్తొచ్చి, ఆ చెట్టు కిందనుంచి లేచాడు. శూరకేతు దీపం కింద పెట్టి, ముద్ద తినడానికి కూర్చున్నాడు. కూర్చోడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. ఇక ఆ దీపాన్ని ముట్టుకోలేదు. తాబేళ్ళు ఇద్దరినీ లంకకి చేర్చాయి.

ఒక రోజు రాజు మెల్లిగా అన్నాడు: "దేవీ, మన ఎర్రమిట్టలో బావులు నిండాయట. వెళ్దామా?"

సుమేధాదేవి గుడిసె పక్కన నేల గుల్ల చేస్తోంది. తల ఎత్తలేదు.

"సొరపాదు పెట్టాను. కాయ దిగాక చూద్దాం" అంది.

కాయ దిగింది. తరువాత బీరపాదు పెట్టింది. రాజు మళ్ళీ అడగలేదు. వెళ్తామన్నవాళ్ళని శూరకేతు వెంట పంపించారు. "ఈసారి కూర్చుని ఏలు నాయనా" అని రాజు దీవించాడు. ధీరకేతు లంకలోనే ఉండిపోయి తోటలు వేశాడు. పండ్లు మాత్రం ఒకటికి మించి ఎవరినీ తిననిచ్చేవాడు కాదు.

తుంగవల్లికీ నీలకేతుకీ పెళ్ళయింది. ఆమె అల్లిన చాప మీదే పీటలు వేశారు. పెళ్ళి బంతిలో లంకవాళ్ళూ మిట్టవాళ్ళూ కలిసి కూర్చుంటే ఎవరు ఎవరో ఎవరికీ తెలియలేదు. విస్తళ్ళలో అన్నం పడగానే ప్రతివాళ్ళూ తొలి ముద్ద తీసి పక్కవాళ్ళకి పెట్టారు. ఆ తరువాతే తాము తిన్నారు. ఆ లంకల్లో ఇప్పటికీ అంతే. వాళ్ళిద్దరూ తల నెరిసేదాకా, నెరిసిన తల వణికేదాకా ఏలారు. ఆ కాలమంతా అక్కడ ఎవరూ ఇంకొకరి వాకిట్లో దీపం పట్టుకుని నిలబడలేదు.

కథ ఒడ్డు చేరింది, తాబేలు నీళ్ళలోకి వెళ్ళింది. లేవండి పిల్లలూ, కంచాలు కడుక్కోండి. తొలి ముద్ద ఎవరికి పెడతారో చూస్తాను.